ఈగల్ని తగ్గించాలంటే ముందు అవి ఎలా బతుకుతాయో తెలియాలి

ఇంట్లో ఈగలు ముసురుతున్నాయంటే చాలామంది చేయి ముందు స్ప్రే డబ్బా మీదకే వెళ్తుంది. కొట్టగానే కొన్ని కింద పడతాయి, సాయంత్రానికి మళ్లీ అన్నీ వచ్చేస్తాయి, మళ్లీ కొడతాం, డబ్బా అయిపోతుంది, ఈగలు మాత్రం అలాగే ఉంటాయి. మందు పడగొట్టింది ఆ గంటలో ఆ గదిలో ఎగురుతున్న వాటిని మాత్రమే కదా. రెక్కలొచ్చి ఎగిరే ఈగ అంటే ఆ పురుగు జీవితంలో ఆఖరి దశ. అంతకు ముందు గుడ్డు, లార్వా, ప్యూపా అనే మూడు దశలు ఎక్కడో తడి చెత్తలోనో, పేడకుప్పలోనో, చెత్తడబ్బా అడుగున పేరుకున్న మురికిలోనో గడిచిపోయాయి, మీరు స్ప్రే కొడుతున్నప్పుడు కూడా గడుస్తూనే ఉన్నాయి. ఆ చోటు పట్టుకుని, వారం తిరక్కుండా దాన్ని ఖాళీ చేస్తూ ఉంటే ఈగలు తగ్గుతాయి. జిగురు కాగితాలు, బ్యాట్లు, లైట్లు, మందులు ఇవన్నీ ఆ పనికి తోడు మాత్రమే.

వారం అని ఎందుకన్నానో, ఏ ఉపాయం పనిచేస్తుందో, ఏది ఎందుకు చేయదో ఈగ శరీరం సంగతి తెలిస్తే దానంతటదే అర్థమవుతుంది. అందుకే కాస్త ఓపిగ్గా అక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందు అది ఇంటి ఈగేనా చూడండి

ఇంటి ఈగ శాస్త్రీయ నామం మస్కా డొమెస్టికా, 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన పేరు. 6, 7 మిల్లీమీటర్ల పొడవు, బూడిద రంగు, వీపు మీద నిలువుగా నాలుగు నల్ల చారలు. మీకు కనిపిస్తున్నవి నిగనిగలాడే ఆకుపచ్చ లేదా నీలం రంగు ఈగలైతే సంగతి వేరు. అవి మాంసం మీద, కళేబరాల మీద గుడ్లు పెట్టే రకం. తలుపులు మూసి ఉన్న ఇంట్లో అవి ఒక్కసారిగా పుట్టుకొస్తే ఏ మూలనో, ఏ గోడ సందులోనో ఎలుక చచ్చి పడి ఉందేమో వెతకాలి. కాళ్ల మీద వాలి చురుక్కుమని పొడిచేది కూడా ఇంటి ఈగ కాదు, ఇంటి ఈగకు కుట్టే నోరే లేదు. అది పశువుల చుట్టూ తిరిగే కుట్టే ఈగ, తల ముందుకు పొడుచుకొచ్చిన సన్నటి ముల్లుతో ఉంటుంది. పండ్ల మీద తేలుతుండే నలుసంత ఈగలు, బాత్రూం గోడకు అతుక్కుని ఉండే నూగు రెక్కల ఈగలు కూడా వేరే జాతులే. మొదటివి మిగలముగ్గిన పండ్లలో పుడతాయి, రెండోవి డ్రైనేజీ పైపు లోపల పేరుకున్న పాచిలో. వాటి కోసం పెరట్లో పేడకుప్ప ఎత్తినా లాభం ఉండదు.

చిన్న ఈగ కనిపిస్తే పిల్ల ఈగ అనుకుంటారు. రెక్కలొచ్చాక ఈగ ఇక పెరగదు. చిన్నగా ఉందంటే లార్వాగా ఉన్నప్పుడు దానికి తిండి సరిపోలేదని అర్థం, అంతే.

గుడ్డు నుంచి ఈగ దాకా

ఆడ ఈగ ఒక విడతలో 100 నుంచి 150 దాకా గుడ్లు పెడుతుంది. బతికినన్నాళ్లలో ఇలాంటి విడతలు నాలుగైదు ఉంటాయి, మొత్తం 500 వరకు వస్తాయి. సాధారణంగా మగదానితో ఒక్కసారి కలిస్తే చాలు, ఆ వీర్యాన్ని లోపలి సంచుల్లో దాచుకుని అన్ని విడతలకూ వాడుకుంటుంది. అయితే గుడ్లు తయారవ్వాలంటే ప్రొటీన్ కావాలి. చక్కెర నీళ్లతో ఈగ బతుకుతుంది, గుడ్లు మాత్రం పెట్టలేదు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, ట్రాప్‌లో ఏం వేయాలనే దగ్గర మళ్లీ పనికొస్తుంది.

గుడ్డు తెల్లగా, సుమారు 1 మిల్లీమీటరు పొడవుంటుంది. తడి ఉంటేనే బతుకుతుంది. వేడిగా ఉన్న రోజుల్లో 8 నుంచి 20 గంటల్లోనే పగిలి లార్వా బయటికొస్తుంది, మనం తెల్ల పురుగు అనేది దాన్నే. కాళ్లుండవు, తల వైపు సన్నగా, వెనక వైపు మొద్దుగా ఉంటుంది. ఊపిరి తీసుకునే ముఖ్యమైన రంధ్రాలు ఆ మొద్దు వైపునే ఉంటాయి కాబట్టి తలను కుళ్లులో దూర్చి, వెనక భాగాన్ని గాలికి వదిలి ఆపకుండా తినగలదు. అది ప్రధానంగా తినేది కుళ్లులో పెరిగే బ్యాక్టీరియాని. అందుకే ఎండిన చెత్త దానికి పనికిరాదు, తడిసి కుళ్లుతున్న చెత్తే కావాలి. వెలుగు పడితే లోపలికి దూరిపోతుంది, దాంతో పైపైన చూసినవాళ్లకు కుప్ప బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక పుల్ల తీసుకుని నాలుగు వేళ్ల లోతు కదిపి చూస్తే అసలు విషయం బయటపడుతుంది.

మంచి వేడిలో లార్వా నాలుగైదు రోజుల్లో పూర్తిగా ఎదుగుతుంది. ఆ తర్వాత అది చేసే పని చాలామంది గమనించరు. తినడం ఆపేసి, ఆ తడి చోటు వదిలేసి, పొడిగా చల్లగా ఉండే చోటు వెతుక్కుంటూ పాకిపోతుంది. చెత్తడబ్బా కింద మట్టిలోకి, కుప్ప అంచుల్లోకి, గచ్చు పగుళ్లలోకి. అక్కడ దాని పాత చర్మమే గట్టిపడి పెంకులా మారుతుంది, మొదట పసుపు, తర్వాత ఎరుపు, చివరికి ముదురు గోధుమ రంగు. లోపల ప్యూపా. మనం కొట్టే మందు ఆ పెంకులోకి సరిగా దిగదు. కొన్ని రోజుల తర్వాత లోపలి ఈగ తన తల ముందు భాగంలోంచి ఒక సంచిని ఉబ్బించి, పెంకు మూత పగలగొట్టుకుని బయటికొస్తుంది.

ఇదంతా వేడి వాతావరణంలో 7 నుంచి 10 రోజుల్లో అయిపోతుంది. చలి రోజుల్లో నెల దాటి పట్టొచ్చు. తడి చెత్త వారానికి రెండుసార్లు అక్కడి నుంచి కదిలిపోతే అందులోని లార్వాలు ఎదిగి మట్టిలోకి పాకిపోయేలోపే వెళ్లిపోతాయి. వారానికి ఒక్కసారే తీస్తే చలిలో సరిపోతుందేమో కానీ ఎండాకాలంలో చాలదు, చెత్త ఎత్తే రోజుకి అవి అప్పటికే మట్టిలో దాక్కుని ఉంటాయి. చెత్త రోజూ ఎత్తేస్తున్నాం అయినా ఈగలు పోవట్లేదు అనేవాళ్లు డబ్బా పెట్టే చోటును ఒకసారి పక్కకి జరిపి కింద చూడండి.

పెద్ద ఈగ ఒళ్లు, దాంతో వచ్చే జబ్బు

ఈగ గట్టి పదార్థాన్ని కొరకలేదు. దాని తొండం చివర మెత్తటి రెండు తమ్మెలుంటాయి, వాటి నిండా సన్నటి కాలువలు, స్పాంజిలా ద్రవాన్ని పీల్చుకోవడమే దాని తిండి. మరి చక్కెర పలుకు మీద వాలితే ఏం చేస్తుంది? దాని మీద లాలాజలం వదులుతుంది, ఒక్కోసారి అంతకు ముందు తాగి కడుపు పక్క సంచిలో దాచుకున్న ద్రవాన్ని కక్కుతుంది, కరిగాక పీల్చుకుంటుంది. తింటూనే మల విసర్జన కూడా చేస్తుంది. అంతకు ముందు అది వాలింది మలం మీదైతే, ఆ సంచిలో ఉన్నదే ఇప్పుడు మీ ప్లేటు మీదికి వచ్చింది. కాళ్లకు అంటుకుని వచ్చే క్రిములు కొంత నిజమే కానీ అవి త్వరగా ఎండిపోతాయి, కడుపులో ఉన్నవి ఎక్కువ కాలం బతికి కక్కు ద్వారా, మలం ద్వారా బయటికొస్తాయి. కాబట్టి ఒక్క క్షణం వాలి లేచిపోయిన ఈగ కంటే, అదే చోట కూర్చుని నింపాదిగా తినే ఈగ చాలా ప్రమాదం.

రుచి తెలిసేది కాళ్లతో. పాదాల మీద రుచిని పట్టే వెంట్రుకలుంటాయి, తీపి మీద కాలు పడగానే తొండం దానంతటదే కిందికి దిగుతుంది. కాళ్లు రుద్దుకుంటూ కూర్చునేది ఆ వెంట్రుకల్ని, పాదాల మెత్తల్ని శుభ్రం చేసుకోవడానికే. ఆ మెత్తల నుంచి ఊరే జిగురు ద్రవం వల్లే అద్దం మీద, సీలింగు మీద తలకిందులుగా నడవగలదు.

విరేచనాలు, రక్త విరేచనాలు, కలరా, టైఫాయిడ్ క్రిములు, పేగు పురుగుల గుడ్లు ఈగ మోసుకెళ్లే జాబితాలో ఉన్నాయి. ఇది ఊహ కాదు, కొలిచి చూశారు. ఇజ్రాయెల్ సైనిక శిబిరాల్లో ఈగల్ని గట్టిగా అదుపు చేసి చూస్తే మొదటి ఏడాది విరేచనాలతో వైద్యం కోసం వచ్చేవారు 42 శాతం, షిగెల్లా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే రక్త విరేచనాలతో వచ్చేవారు 85 శాతం తగ్గారు, 1991లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. 1999లో అదే పత్రికలో పాకిస్తాన్ గ్రామాల అధ్యయనం వచ్చింది, ఈగల్ని తగ్గించిన ఊళ్లలో చిన్నపిల్లల విరేచనాలు 23 శాతం తక్కువ. చంటిపిల్లలున్న ఇంట్లో ఈగల్ని మామూలే అని వదిలేయకండి అని నేను అంత గట్టిగా చెప్పేది ఇందుకే. వాళ్లకు నాలుగు రోజుల విరేచనాలంటే మామూలు విషయం కాదు.

అలాగని ఒక ఈగ వాలిందని ప్లేటు మొత్తం పారేసి టెన్షన్ పడాల్సిన పని కూడా లేదు, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు అప్పటికప్పుడు తినేస్తుంటే ప్రమాదం తక్కువ. ఈగలు వాలిన తిండి గంటల తరబడి బయట ఉండిపోతే మాత్రం ఆ కొద్ది క్రిములే లక్షలవుతాయి. అలాంటిది, ముఖ్యంగా పిల్లలకు, పెట్టకండి.

కళ్ల సంగతికొస్తే, ఒక్కో కంట్లో కొన్ని వేల చిన్న కటకాలుంటాయి, కదలికను మనకంటే చాలా వేగంగా పట్టేస్తుంది. సెకనుకు 60 సార్లు ఆరి వెలిగే దీపం మనకు ఆగకుండా వెలుగుతున్నట్టే ఉంటుంది, ఈగకు సెకనుకు 200 పైన ఆరి వెలిగినా తేడా తెలుస్తుంది. మన చేయి దానికి నిదానంగా వస్తున్నట్టే లెక్క. ఉన్నది ఒక్క జత రెక్కలే, రెండో జత కుంచించుకుపోయి చిన్న గుండ్రటి కాడలుగా మారింది, అవి ఎగిరేటప్పుడు ఒళ్లు ఎటు తిరుగుతోందో చెబుతూ తూకం తప్పకుండా చూస్తాయి. ఎగిరే వేగం మాత్రం పెద్దగా ఉండదు, గంటకు 7, 8 కిలోమీటర్లు. గాలి అంతకంటే గట్టిగా వీస్తే ఎదురు వెళ్లలేదు.

చీకట్లో ఎగరదు. సాయంత్రం కాగానే సీలింగు, వేలాడే వైర్లు, తాళ్లు, తలుపు అంచుల మీద చేరి తెల్లారేదాకా అక్కడే ఉంటుంది. చలిగా ఉన్న తెల్లవారుజామున ఒళ్లు వేడెక్కదు కాబట్టి మందకొడిగా కదులుతుంది. తిండి, నీళ్లు దొరక్కపోతే రెండు మూడు రోజుల్లో చచ్చిపోతుంది, దొరికితే 2 నుంచి 4 వారాలు, చల్లగా ఉంటే ఇంకా ఎక్కువే బతుకుతుంది.

పుట్టే చోటు వెతకడం

ఇది కుర్చీలో కూర్చుని అయ్యే పని కాదు. చేతికి గ్లౌజు, ఒక పుల్ల, ఒక టార్చి తీసుకుని ఇంటి చుట్టూ తిరగండి. చూడాల్సింది రెండు: తడి, కుళ్లు. రెండూ కలిసి నాలుగు రోజులు కదలకుండా ఉన్న ప్రతిచోటూ అనుమానించాల్సిందే. చెత్తడబ్బా లోపలి అడుగు, మూత అంచు, డబ్బా కింద నేల. కుక్క, పిల్లి మల విసర్జన చేసే మూల. కోళ్ల గూడు, పశువుల కొట్టంలో గోడ వారన, నీళ్ల తొట్టి చుట్టూ, దాణా ఒలికి తడిసిన చోట. కంపోస్టు కుప్ప. కోసి పడేసిన పచ్చగడ్డి మందంగా కుప్పపడి పుల్లబడితే అందులోనూ పుడతాయి, ఇది చాలామందికి తట్టదు. వాడేసిన డైపర్లు. లీకవుతున్న కుళాయి కింద పేరుకున్న ఆకులు.

పుల్లతో కదిపితే తెల్ల పురుగులు కనిపిస్తే అదే మూలం. చుట్టుపక్కల పొడి మట్టిని ఒక జాన దూరం, రెండు వేళ్ల లోతు గీకి చూడండి, గోధుమ రంగు పెంకులు దొరుకుతాయి. పెంకు ఒక కొస తెరుచుకుని ఉంటే ఈగ వెళ్లిపోయింది, మూసి ఉంటే ఇంకా లోపలే ఉందని. ఆ మట్టిని గీకి సంచిలో గట్టిగా కట్టి పంపేయండి.

మూలాన్ని తీసేయడం

వంటింటి తడి చెత్తను పొడి చెత్తతో కలపకండి, నీళ్లు వంచేసి కాగితంలో చుట్టి మూత గట్టిగా పడే డబ్బాలో వేయండి. మాంసం, చేపల మిగుళ్లు ఉంటే చెత్త బండి వచ్చే రోజు దాకా కవర్లో కట్టి ఫ్రీజర్లో పెట్టడం చాలా మంచి పద్ధతి, గుడ్లు పెట్టే అవకాశమే ఉండదు. డబ్బాలో సంచి వేసినా సరే, సంచి చిరిగి కారిన రసం అడుగున చేరుతుంది, ఆ పల్చటి పొర చాలు వందల లార్వాలు పెరగడానికి. కాబట్టి ఖాళీ చేసిన ప్రతిసారీ కడిగి, ఎండలో బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. కడగడం కంటే ఆరబెట్టడమే ముఖ్యం.

డబ్బాలో అప్పటికే పురుగులు పడితే మరుగుతున్న నీళ్లు పోయండి, వెంటనే చస్తాయి. ఆ తర్వాత సబ్బుతో రుద్ది కడగండి. బ్లీచ్ వాడేటట్టయితే దాన్ని ఇంకే క్లీనర్‌తోనూ కలపకండి, యాసిడ్‌తోనో అమ్మోనియాతోనో కలిస్తే ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే వాయువు వస్తుంది.

పేడ ఉన్నవాళ్లకు రెండు దారులున్నాయి, ఎండబెట్టడం లేదా వేడెక్కించడం. పల్చగా పరిచి ఎండకు వదిలితే తడి తగ్గి లార్వాలు బతకలేవు. కుప్ప వేస్తే మాత్రం సరిగ్గా వేయాలి. బాగా కుళ్లుతున్న కుప్ప మధ్యలో 55 డిగ్రీల పైన వేడి పుడుతుంది, అందులో ఏ లార్వా బతకదు. కానీ పై పొర చల్లగా, తడిగా ఉంటుంది, ఈగకు కావలసింది అదే. అందుకని వారానికి ఒకటి రెండుసార్లు కుప్పను తిరగేసి బయటి పొరను లోపలికి పంపాలి, పైన ప్లాస్టిక్ పట్టా బిగుతుగా కప్పి అంచుల మీద మట్టి పోయాలి. పట్టా వదులుగా ఉంటే అంచుల దగ్గరే గుడ్లు పెట్టేస్తాయి. కొట్టంలో లీకయ్యే నీటి తొట్టిని బాగుచేయడం ఒక్కటే కొన్నిచోట్ల సగం సమస్యను తీరుస్తుంది, తడిలేని పేడలో ఈగకు పనిలేదు.

పేడలో అన్నీ శత్రువులే ఉండవు, ఇది కూడా తెలుసుకోవాలి. ఈగ గుడ్లను తినే మైట్లు అనే అతి చిన్న పురుగులు, లార్వాలను తినే చిన్న నల్ల పెంకు పురుగులు, ప్యూపాలో తన గుడ్డు పెట్టే 2, 3 మిల్లీమీటర్ల కందిరీగలు అక్కడే బతుకుతాయి. ఆ చిన్న కందిరీగలు మనుషుల్ని కుట్టవు. పేడ మీద ఇష్టమొచ్చినట్టు పురుగుమందు చల్లితే ఇవన్నీ చస్తాయి, ఈగలు తిరిగి పెరిగినంత వేగంగా ఇవి పెరగవు, ఫలితంగా నెల తర్వాత ఈగలు ఇంకా ఎక్కువవుతాయి. కొట్టం ఖాళీ చేసేటప్పుడు అడుగున పాత ఎండు పేడ కొంచెం వదిలితే ఈ మేలు చేసే పురుగులు అక్కడి నుంచి మళ్లీ పెరుగుతాయి.

గుంత మరుగుదొడ్డికి గాలి గొట్టం పెట్టించి పైకొసన సన్నటి జాలీ బిగించండి, గది లోపల మసక చీకటిగా ఉంచండి. గుంతలో పుట్టిన ఈగ వెలుగు కనిపించే వైపు ఎగురుతుంది, గొట్టం పైకి వెళ్లి జాలీ దగ్గర ఇరుక్కుని చచ్చిపోతుంది. వాసన కూడా గొట్టంలోంచే పోతుంది కాబట్టి బయటి ఈగలు ఆ వాసన పట్టుకుని గొట్టం కొసన మూగుతాయి, లోపలికి రాలేవు. జాలీ చిరిగితే మొత్తం పద్ధతి పాడైనట్టే, అప్పుడప్పుడు పైకెక్కి చూడాలి.

లోపలికి రాకుండా

కిటికీలకు దోమల జాలీ చాలు, ఈగ దాంట్లోంచి దూరలేదు. జాలీ తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించండి, దాని మీద కూర్చున్న ఈగలు తలుపుతో పాటు బయటికి నెట్టబడతాయి, లోపలికి తెరుచుకుంటే అన్నీ మీతో పాటే లోపలికొస్తాయి. తినే చోట టేబుల్ ఫ్యాన్ తిప్పి పెట్టుకోండి. ఖర్చులేని ఉపాయం, ఫ్యాన్ గాలికి ఎదురుగా వాలడం ఈగకు చాలా కష్టం. తిండి మీద మూత, రాత్రి పడుకునే ముందు తుడిచిన వంటగట్టు, నీళ్లు నిలవని సింకు ఉంటే వచ్చిన ఒకటి రెండు ఈగలకు కూడా తాగడానికి ఏమీ దొరకదు.

ఉన్నవాటిని చంపడం

బ్యాట్‌తో కొట్టేటప్పుడు దూరం నుంచి ఊపుగా రాకండి. వేగంగా పెద్దదవుతున్న ఆకారాన్ని చూడగానే దానికి ఎదురు దిక్కున ఎగరడం ఈగ పద్ధతి. నెమ్మదిగా దగ్గరికి తెచ్చి, చివర్లో మణికట్టు మాత్రం ఆడించి, ఈగ ఉన్న చోటుకి కొంచెం అవతల, అది ఎగరబోయే వైపు కొట్టండి. చిల్లులున్న బ్యాట్ అయితే గాలి నెట్టుడు తక్కువ. అద్దం మీద ఉంటే సబ్బునీళ్ల స్ప్రే బాటిల్ బాగా పనిచేస్తుంది, రెక్కలు తడిసి, ఒంటి పక్కనున్న ఊపిరి రంధ్రాలు మూసుకుపోయి పడిపోతుంది. తెల్లవారుజామున మందకొడిగా ఉన్నప్పుడు వ్యాక్యూమ్ క్లీనర్‌తో సీలింగు మీదున్న వాటిని లాగేయొచ్చు.

జిగురు పట్టీలు ఎక్కడ కట్టాలో ఈగలే చెబుతాయి. వైర్ల మీద, ట్యూబ్‌లైట్ పట్టీ మీద చిన్న చిన్న మచ్చలు కనిపిస్తాయి, ముదురువి మలం, లేత రంగువి కక్కు. మచ్చలు ఎక్కువగా ఉన్న చోటే రాత్రి అవి చేరేది, అక్కడే నిలువుగా వేలాడదీయండి. దుమ్ము పడితే అంటుకోదు, మార్చాలి.

ట్రాప్ ఇంట్లోనే చేసుకోవచ్చు. ప్లాస్టిక్ బాటిల్ పై భాగం కోసి తలకిందులుగా గరాటులా లోపలికి దించి, అడుగున గోరువెచ్చని నీళ్లలో చక్కెర, ఈస్టు కలిపి, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేయండి. పులిసే వాసనకి, ప్రొటీన్‌కి ఆడ ఈగలు ఎక్కువగా వస్తాయి. వెనిగర్ ట్రాప్ అని అందరూ చెప్పేది పండ్ల ఈగలకు, ఇంటి ఈగకు అది అంతగా పనిచేయదు. ఇక ఈ ట్రాప్ ఇంట్లో పెట్టకండి. దీని పని ఈగల్ని పిలవడం, కాబట్టి తలుపుకు దూరంగా, చెత్తకు ఇంటికి మధ్యలో పెట్టాలి.

అతినీలలోహిత లైటు యంత్రాలు మూసి ఉన్న గదుల్లో బాగుంటాయి. నేల నుంచి మీటరు, మీటరున్నర ఎత్తులో, బయటి నుంచి కనిపించని చోట పెట్టండి, లేకపోతే బయటి ఈగల్ని కూడా లోపలికి పిలిచినట్టే. వంట చేసే చోట కరెంటుతో చంపే రకం వద్దు, ఈగ పేలి ముక్కలు గాల్లోకి చిమ్ముతాయి, జిగురు పలక రకం వాడండి. ట్యూబు వెలుగుతూనే ఉన్నా ఏడాది గడిచేసరికి అతినీలలోహిత కాంతి బాగా తగ్గిపోతుంది, మార్చాల్సిందే.

మందుల విషయంలో ఒకటే మాట, చివరికి వాడండి, అదీ తక్కువగా. డీడీటీ అనే పురుగుమందు వచ్చిన కొన్నేళ్లకే, 1940ల చివర్లోనే, దానికి చావని ఇంటి ఈగలు యూరప్‌లో కనిపించాయి. ఇప్పటి స్ప్రేల్లో ఎక్కువగా ఉండే పైరిథ్రాయిడ్లు డీడీటీ దెబ్బతీసే నరాల భాగాన్నే దెబ్బతీస్తాయి, అక్కడ వచ్చిన మార్పు ఈగలకు రెండింటినీ తట్టుకునే శక్తినిస్తుంది. ఒకే మందు రోజూ కొడితే చావనివి మాత్రమే మిగిలి అవే గుడ్లు పెడతాయి. చక్కెరతో కలిపిన గుళికల మందులు, అంటే ఇమిడాక్లోప్రిడ్, స్పైనోసాడ్ లాంటివి, గదంతా స్ప్రే చేయడం కంటే నయం, ఈగ వచ్చి తిని చస్తుంది. వాటిలో కొన్నింటికి ఆడ ఈగ వాసన కూడా కలుపుతారు, మస్కల్యూర్ అని, 1971లో గుర్తించిన పదార్థం. పిల్లలకు, పెంపుడు జంతువులకు అందని చోట, లేబుల్ మీద రాసిన కొలతలోనే, వంటింటికి దూరంగా పెట్టాలి. స్ప్రే కొట్టక తప్పదనుకుంటే తిండి, గిన్నెలు కప్పేయండి, చేపల తొట్టి ఉన్న గదిలో అసలు వద్దు, పైరిథ్రాయిడ్లలో ఒకటైన పెర్మెథ్రిన్ ఉన్నవి పిల్లులకు చాలా ప్రమాదం.

నీళ్ల సంచులు వేలాడదీయడం, అల్ట్రాసోనిక్ యంత్రాలు పని చేయవు, డబ్బు పెట్టకండి. ఘాటు వాసన మొక్కలు కుండీలో పెడితే ఈగలు పోతాయన్నదీ అంతే.

ఎన్ని రోజులు పడుతుంది

అంతా శుభ్రం చేసిన మూడో రోజు ఈగలు అలాగే కనిపిస్తాయి, అప్పుడు చాలామంది ఇదీ పనిచేయలేదని వదిలేస్తారు. వదలకండి. మట్టిలో మిగిలిన ప్యూపాల నుంచి ఇంకో వారం దాకా కొత్త ఈగలు వస్తూనే ఉంటాయి, ఉన్నవి ఇంకో రెండు మూడు వారాలు బతుకుతాయి. కాబట్టి మొదటి వారం మూలాన్ని తీసేయడంతో పాటు జిగురు పట్టీలు, ట్రాపులు గట్టిగా నడపండి, కొత్తగా వచ్చినవి గుడ్లు పెట్టేలోపే పోవాలి. మూడో వారానికి తేడా బాగా కనిపించాలి.

తగ్గాయో లేదో కంటి అంచనాతో తేల్చకండి. పోస్టుకార్డు సైజు తెల్ల అట్టముక్కలు నాలుగైదు తీసుకుని ఈగలు రాత్రి చేరే చోట్ల అతికించండి, వారం తర్వాత మచ్చలు లెక్కపెట్టి తేదీతో రాసి పెట్టుకోండి, మళ్లీ అదే చోట కొత్తవి అతికించండి. కోళ్ల ఫారాల్లో ఒక కార్డు మీద వారానికి 100 మచ్చలు దాటితే చర్య తీసుకోవాలనేది వాడుకలో ఉన్న లెక్క. ఇంటికైతే ఆ అంకె కంటే, ఈ వారం పోయిన వారం కంటే తగ్గిందా అన్నదే చూడండి.

మూడు వారాలైనా మచ్చలు తగ్గకపోతే మీరు వెతకని మూలం ఒకటి ఉంది, లేదా అది మీ ప్రహరీ బయట ఉంది. ఇంటి ఈగ ఎక్కువగా పుట్టిన చోటికి దగ్గర్లోనే తిరుగుతుంది కానీ ఒకటి రెండు కిలోమీటర్లు రావడం దానికి కష్టం కాదు. ఏ వైపు కిటికీ దగ్గర కార్డు మీద మచ్చలు ఎక్కువున్నాయో చూసి ఆ వైపు నడవండి. పక్కింటివాళ్ల కుప్ప అయితే గొడవకు దిగే ముందు పుల్లతో కదిపి ఆ పురుగుల్ని వాళ్లకే చూపించండి, పట్టా కప్పడానికి మీరూ ఒక చేయి వేయండి.